మాణిక్యం రాసిన మొదటి చివరి పేజీ

చీరాల స్టేషన్లో రైలు కదలకుండా నిలబడి ఉంది, ప్లాట్‌ఫారమే మెల్లగా వెనక్కి జారుకుంటూ పోతోంది, దాని మీద నేనూ, నా అద్దె పుస్తకాల షాపూ, షాపు ముందు వేలాడదీసిన నిమ్మకాయా మిరపకాయల దండా అన్నీ కలిసి ఏ తొందరా లేకుండా ప్రయాణం చేస్తున్నాం, రైల్లో కూర్చున్న వాళ్ళు మాకు చేతులూపుతున్నారు. ఆ షాపుని జనం విరగ్గొట్టి చాలా ఏళ్ళయింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగు చేస్తారు, ఆ సంగతి నాకు తెలుసు, అయినా లోపల నా స్టూలు మీద కూర్చుని అట్టలేని పుస్తకంతో విసురుకుంటున్న మనిషిని చూస్తే నాకేమీ వింతగా లేదు. మా మాణిక్యం. మా అక్క కూతురు. పోయిన నెలలోనే చచ్చిపోయింది, పాడె పట్టుకోవడానికి నేను ముందుకొస్తే ముసలాడివి పడిపోతావని అందరూ వద్దన్నారు, అయినా తోసుకుని వెళ్ళి వీధి మలుపు దాకా మోశాను.

"ఏం మావయ్యా, షాపు తెరిచి పెట్టి నిద్రపోతున్నావా?" అంటుంది.

"షాపు లేదు, నువ్వూ లేవు, నాకు మిగిలింది నిద్రొక్కటే. దాన్ని కూడా చెడగొట్టడానికొచ్చావటే?"

"బతికున్నప్పుడు నన్ను నువ్వు పడుకోనిచ్చావా? మంచం కోళ్ళకి గజ్జెలు కట్టి దెయ్యమని చెప్పింది ఎవరు?"

నవ్వుతుంది. నవ్వినప్పుడల్లా దాని వయసు మారిపోతోంది, ఒకసారి తెల్లజుట్టు ముడేసుకున్న ముసలమ్మ, ఒకసారి రెండు జడల పిల్ల, మధ్యలో ఒకసారి శరభ. శరభ అంటే మా మాణిక్యమే. ఆ పేరుతో అది రాసిన హత్యల నవలలు ఒకప్పుడు రైలెక్కిన ప్రతివాడి చేతిలోనూ ఉండేవి. శరభ అంటే మీసాలున్న మగాడనుకునేవారంతా. ఒకసారి ఒక ఎస్సై గారు వెతుక్కుంటూ ఇంటికొచ్చి, ఇది ఇచ్చిన కాఫీ తాగి, "సారు ఎప్పుడొస్తారమ్మా" అని అడిగి, చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఇది పొయ్యి దగ్గర కూర్చుని ఆ ఎస్సైనే ఎలా చంపాలా అని ఆలోచించిందట.

"నీ జేబులో ఏంటది?" అంటుంది ఉన్నట్టుండి.

"ఏం లేదే."

"అబద్ధం చెప్పేటప్పుడు ఎడం చెవి గోక్కుంటావు. ముసలాడివైనా మానలేదు."

నేను చెవి మీంచి చెయ్యి తీసే లోపల నా జేబులో కాయితం దాని చేతిలో ఉంది. జేబులోంచి లాగడం దానికి నేర్పింది నేనే, కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. ఆ కాయితం వాళ్ళన్నయ్య పాండురంగం రాసిచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, ఏది మాట్లాడినా బ్లాక్‌బోర్డు మీద రాస్తున్నట్టు మాట్లాడతాడు. ఈ సాయంత్రం నేతాజీ వీధి హాల్లో మాణిక్యం సంస్మరణ సభ, మేనమామని కాబట్టి వేదిక మీద నేను కూడా రెండు ముక్కలు చదవాలి, ఎనిమిదో తరగతితో చదువాపేసిన నా చేత తప్పులు రాకుండా ఉండాలని పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు.

మాణిక్యం కళ్ళద్దాలు పైకి నెట్టి చదువుతుంది, గొంతు అచ్చం వాళ్ళన్నయ్యదే. "బాల్యంలో తాతగారి ఒడిలో కూర్చుని పురాణ శ్రవణం చేసిన మాణిక్యమ్మ, ధర్మాధర్మ విచక్షణను అలవరచుకుని..." ఆగింది. "ఏ తాతగారు మావయ్యా?"

"మా నాన్నే. ఇంకెవరు?"

"మీ నాన్నకి పురాణంలో ఏం తెలుసు?"

"ప్రసాదం ఎప్పుడు పెడతారో తెలుసు."

ఇద్దరం పగలబడి నవ్వుతున్నాం, ప్లాట్‌ఫారం కూడా కొంచెం ఊగుతోంది, కానీ ఇంకా నవ్వుతున్నది నేనొక్కణ్ణే, అది ఎప్పుడో ఆపేసి నన్నే చూస్తోంది.

"నాకు రాయడం ఎవరు నేర్పారో ఇందులో ఎక్కడుంది?"

"అదంతా ఎందుకులేవే. పెద్ద సభ."

"నా సభ."

ఆ మాట అనేసరికి షాపు గోడలు వెనక్కి వంగి మా అమ్మ వంటింటి వసారా అయిపోతున్నాయి, పుస్తకాల అరల్లో పుస్తకాల బదులు ఆవకాయ జాడీలు, మా అమ్మ పొడుం డబ్బీ కోసం ఇల్లంతా వెతుక్కుంటూ తిడుతోంది, మాణిక్యం రెండు జడలతో గుమ్మంలో నిలబడి ఉంది. పొడుం డబ్బీ దాచింది నేనే. అది నా రోజువారీ పని. అనుమానం మా బావ మీదికి పోవాలని ఆయన చెప్పులేసుకుని తడి మన్నులో నడిచి, ఆ గుర్తులు డబ్బీ పోయిన చోటి దాకా తీసుకొచ్చాను, అంత కష్టపడి చేశాను.

మాణిక్యం వంగి గుర్తులు చూసి, "నాన్న కాదు అమ్మమ్మా. నాన్న కుడికాలు ఈడ్చి నడుస్తాడు. ఇందులో ఈడుపు లేదు" అంటుంది. తర్వాత నా దగ్గరికొచ్చి నా వేళ్ళు వాసన చూసి తుమ్ముతుంది.

"అప్పటి నుంచీ నీకు ఎన్ని దొంగతనాలు చేసిపెట్టానే!" అంటాను వసారాలో నిలబడి, గర్వంగా. "ఏ తాత చేస్తాడు? ఏ పురాణంలో ఉంది?"

"మరి అది చెప్పు సభలో."

"జనం నవ్వుతారే."

"నవ్వనీ. నవ్వితే వింటున్నట్టే గదా." జడలు వెనక్కి విసిరి, "అయినా నేను రాసింది దాని వల్ల కాదు. ఎందుకో నీకు తెలుసు" అంటుంది.

నాకు తెలుసు. తెలుసు కాబట్టే చూడకూడదని తల తిప్పుకుంటున్నాను, తిప్పిన వైపే వసారా తెరుచుకుని మా నేతగాళ్ళ వీధి అవుతోంది. తెల్లవారుతున్న వెలుగు. వీధి పొడవునా పడుగు సాచి ఉంది, అంటే మగ్గానికెక్కించబోయే నిలువు దారాలు, ఈ చివర గుంజ నుంచి ఆ చివర గుంజ దాకా తెల్లగా, ఊళ్ళో వీధి ఎంత పొడవుందో కలలో అంతకన్నా పొడవుగా, రైలు పట్టాల మీదికి కూడా పోతోంది. పడుగు పక్కన గంజి గిన్నె, కుంచె. మా ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతొకటుంది. గంజి పట్టించడం మొదలెట్టాక, దారాలు విడివిడిగా ఆరేదాకా కుంచె తీసుకుని అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి, మధ్యలో వదిలేస్తే దారం దారానికి అంటుకుపోయి పడుగంతా చెక్కలా గట్టిపడుతుంది, ఇక అది పొయ్యిలోకి తప్ప పనికిరాదు. పురిటి నొప్పులొచ్చినా సరే, కుంచె ఇంకొకరి చేతికిచ్చాకే ఆడవాళ్ళు లోపలికి పోయేవారు.

ఇప్పుడీ పడుగు చెక్కలా గట్టిపడి ఉంది. గిన్నెలో కుంచె నిలబడి ఆరిపోయింది. పడుగు పక్కనుంచి మనుషులు నాంచారమ్మని మోసుకొస్తున్నారు, చీరలోంచి నీళ్ళు కారుతున్నాయి. నాంచారమ్మ ఎదురింటి రాఘవులు పెళ్ళాం, మాణిక్యానికి జడలు వేసేది, జంతికలు దాచి పెట్టేది, వీపు మీద దెబ్బలు తగిలినప్పుడల్లా మా అక్క దగ్గర కొబ్బరి నూనె అడిగి పూసుకునేది.

"నీళ్ళకెళ్ళి నూతి దగ్గర కాలు జారింది," అంటున్నాడు రాఘవులు, ఏడుస్తూ. "ఏం చెప్పను, కాలు జారింది."

పెద్దలంతా తలలూపుతున్నారు. అందరి వెనకా ఆ పడుగుంది. అందరూ నేతగాళ్ళే. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడడం లేదు.

రెండు జడల మాణిక్యం పడుగు కిందనుంచి దూరి వచ్చి నిలబడుతుంది. "గంజి తడిగా ఉండగా పడుగుని వదిలేసి నీళ్ళకెందుకు పోద్ది అక్క?" అంటుంది, గట్టిగా, వీధంతా వినబడేట్టు. "కుంచె ఎవరికిచ్చి పోయింది?"

మా బావ చెయ్యి దాని చెంప మీద పడుతుంది, ఆ చప్పుడు కలలో ఆగకుండా సాగుతోంది, రైలు వంతెన దాటుతున్నట్టు. "పెద్దోళ్ళ మధ్య నోరెత్తుతావా?" అంటున్నాడు బావ. పాండురంగం, అప్పుడే మీసం మొలుస్తున్న కుర్రాడు, చెల్లెలి జబ్బ పట్టుకుని లోపలికి ఈడుస్తున్నాడు. "నోర్ముయ్యవే, నోర్ముయ్యి!"

అది నోరు మూయదు. ఈడుస్తుంటే కాళ్ళు నేలకి తన్నిపెట్టి అదే మాట అడుగుతోంది. "కుంచె ఎవరికిచ్చింది? కుంచె ఎవరికిచ్చింది?"

తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి నేను నడవక్కర్లేకుండానే షాపు నా కాళ్ళ కిందికొస్తోంది. మాణిక్యం బల్ల కింద ముడుచుకుని కూర్చుంది, చెంప మీద వేళ్ళ అచ్చులు. అన్నం తినలేదు. కోతిలా గెంతాను, పిల్లిలా అరిచాను, దేనికీ నవ్వలేదు. అప్పుడు నా దగ్గరున్న గొప్ప ఆయుధం తీశాను. డిటెక్టివ్ నవలల్లో చివరి పేజీలు చింపి దాచిపెట్టడం నాకలవాటు, పుస్తకం తీసుకెళ్ళిన వాడు హంతకుడెవరో తెలియక మర్నాడు పరిగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద పడితే చూడ్డం నాకు సరదా. అలాంటిదొకటి దాని ఒళ్ళో పడేశాను. లండన్లో ఒక లార్డు గారి భార్య ఈత కొలనులో శవమై తేలుతుంది, అక్కడి దాకా ఉంది, ఆపైన లేదు.

"ఎవరు చంపారు మావయ్యా?"

"నాకేం తెలుసు? నువ్వే చెప్పు. రాసివ్వు, అంటించేస్తాను."

"నిజంగా అంటిస్తావా?"

"మావయ్య మాట."

"నాంచారక్క పేరు రాయొచ్చా?"

నేను అటూ ఇటూ చూసి, "పేరు మాత్రం వద్దమ్మడూ. పేరు రాస్తే నీ కాయితం షాపు దాకా రాదు, మీ నాన్న పొయ్యిలో పెడతాడు. ఆ లార్డు గారి భార్య పేరే ఉంచు" అన్నాను.

రాసింది. లండన్ డిటెక్టివు లార్డు గారి బంగళాలోకొచ్చి, తోటలో సాచి ఉన్న పడుగుని వేలితో తట్టి, "లార్డు గారూ, మీ భార్య పొద్దున్నే గంజి పెడుతోంది. గంజి ఆరకముందే ఈతకి ఎందుకు వెళ్ళింది? కుంచె ఎవరికిచ్చి వెళ్ళింది?" అని అడుగుతాడు. లార్డు గారు ఏడుస్తూ మోకాళ్ళ మీద పడిపోతాడు.

"లండన్లో ఇళ్ళ ముందు పడుగులు సాస్తారటే?" అన్నాను.

"దొరలు బట్టలు కట్టుకోరా ఏంటి?" అంది.

మైదా ఉడికించి అంటించాను. ఆ పుస్తకం ఒకడు తీసుకెళ్ళాడు, మర్నాడు మాట్లాడకుండా తెచ్చిచ్చాడు. వాడి తమ్ముడు వచ్చి అదే కావాలన్నాడు. వాడి వదిన కబురంపింది. చదువు రాని వాళ్ళు చదువొచ్చిన వాళ్ళ చేత చదివించుకున్నారు. లండన్ లార్డు ఎవరో ఒక్కడూ పైకి అనలేదు, అందరికీ తెలిసింది. రాఘవులికి వేటపాలెంలో రెండో సంబంధం ఖాయమై ఉంది, ఆ పిల్ల తండ్రి నా షాపు ముందే నిలబడి చివరి పేజీ రెండుసార్లు చదివి, పుస్తకం బల్ల మీద పెట్టి, తాంబూలాలు వెనక్కి పంపేశాడు. ఆ పిల్ల ఎక్కడో హాయిగా బతికే ఉంటుంది.

ఆ సాయంత్రమే రాఘవులు మనుషులు కర్రలతో షాపు మీద పడ్డారు. కలలో కూడా పడుతున్నారు, అరలు విరుగుతున్నాయి, పుస్తకాలు రెక్కలొచ్చినట్టు లేచి రైలు కిటికీల్లోంచి లోపలికి పోతున్నాయి, నేనూ మాణిక్యమూ మధ్యలో నిలబడి చూస్తున్నాం, ఇప్పుడది ముసలమ్మే.

"షాపు పోయినందుకు ఏడవలేదు నువ్వు," అంటుంది.

"ఎందుకేడుస్తానే? చీరాల్లో ఏ పుస్తకానికి అంత పేరొచ్చింది?"

"మరి ఇప్పుడెందుకు భయపడతావు?"

ఇదీ అది అడగడానికొచ్చిన మాట. రాఘవులు తర్వాత దూరపు ఊరి పిల్లని చేసుకున్నాడు, ఈ సాయంత్రం సభకి ముఖ్య అతిథి అతని మనవడే. హాలు వాళ్ళది, దండలు వాళ్ళవి. కుర్రాడు మంచివాడే కావచ్చు, వాడికేం తెలుసు. కానీ పాండురంగం నా చేతికి కాయితమిస్తూ, "మావయ్యా, పాత సంగతులు తవ్వితే మా ఇంట్లో మీకు చోటుండదు" అన్నాడు, నెమ్మదిగా, బోర్డు మీద రాసినట్టు. నేనుంటున్నది వాడి పెరటి గదిలో. మా ఆవిడ పోయింది, పిల్లల్లేరు.

అదంతా చెబుతాను దానికి. చెబుతుంటే చెవి గోక్కోవడం లేదు.

"ఆ గదిలో ఏముంది?" అంటుంది.

"మంచముంది, ఫ్యానుంది. పొద్దున్నే ఇడ్లీ."

"నేను నీళ్ళలో ముంచి చంపిన ఆడవాళ్ళకి లెక్కలేదు మావయ్యా. వనజ, సుధ, రోజీ, బేబీ సరోజ. అన్నీ దొంగ పేర్లు. ప్రతి పుస్తకం చివర్లో ఎవడో ఒకడు అడుగుతాడు, కుంచె ఎవరికిచ్చి పోయింది అని, వేరే మాటల్లో. జనం శరభ గొప్ప మలుపు తిప్పాడనుకున్నారు. నేను తిప్పిందేం లేదు, అదే వీధిలో నిలబడి అదే అడుగుతున్నాను. ఒక్కసారి కూడా ఆవిడ పేరు రాయలేదు. ఎందుకు రాయలేదు?"

"నేనొద్దన్నానని."

"అప్పుడు నువ్వన్నది సరే. పొయ్యిలో పెట్టేవాళ్ళు."

"ఇప్పుడందరికీ గ్యాసేగా," అంటాను, నవ్వించాలని.

నవ్వదు. "నా చివరి పేజీ అన్నయ్య చింపేసి పురాణం అంటిస్తున్నాడు. నేను చచ్చి కూర్చున్నాను, నాకు చేతుల్లేవు. పేజీలు చింపే వాడివీ అంటించే వాడివీ నువ్వే. మైకులో ఆవిడ పేరు చెప్పు. నాంచారమ్మ అని. అంతే. తర్వాత వాడు నిన్ను గెంటేస్తే గెంటేయనీ, స్టేషన్లో పడుకో, ఎంతమంది పడుకోవడం లేదు?"

"మేనమామనే స్టేషన్లో పడుకోమంటావటే?"

"మేనమామవి కాబట్టే అడుగుతున్నాను. పరాయి వాడినైతే బతిమాలాలి."

ఏదో ఒక వెటకారం ఆడదామని నోరు తెరుస్తున్నాను, అంతలోనే ప్లాట్‌ఫారం మీద మళ్ళీ ఆ పడుగు సాచి ఉంది, ఈసారి గట్టిపడలేదు, దారాలు తడితడిగా ఎండలో మెరుస్తున్నాయి, దాని పక్కన ఒక ఆడమనిషి మాకు వీపు పెట్టి కుంచెతో నడుస్తోంది. వెనక్కి తిరగదు. మొహం ఎలా ఉండేదో నాకు గుర్తు కూడా రావడం లేదు, అదే నాకు సిగ్గుగా ఉంది.

"అటు కొస కాస్త పట్టుకో తమ్ముడూ," అంటోంది ఆ మనిషి, విసుగు లేకుండా, వీధిలో ఎవరినైనా అడిగినట్టు. "ఒక్కదాన్నే చేస్తున్నా. ఆరిపోతే అంటుకుపోద్ది."

మాణిక్యం వైపు చూస్తాను. అది రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుంది, ఇప్పుడు రైలే కదులుతోంది, ప్లాట్‌ఫారం ఆగిపోయింది. వెళ్ళొస్తానని చెప్పదు. ఒళ్ళో కాయితాలు పెట్టుకుని అప్పుడే ఏదో రాసుకుంటోంది, నా వైపు చూడకుండానే అరుస్తుంది, "చూస్తావేంటి మావయ్యా, పట్టుకో!"

రెండు చేతులూ చాచి పడుగు కొస పట్టుకుంటాను. గంజి గోరువెచ్చగా వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారుతోంది, చెయ్యి వదలాలనిపించడం లేదు, వదలనూ లేదు.

"మావయ్యా! ఏంటిది, ఇలాగా పడుకునేది?"

కళ్ళు తెరిస్తే పాండురంగం, ఇస్త్రీ జుబ్బా, మెడలో కండువా. నేను వరండా మంచం మీద బోర్లా పడి ఉన్నాను. మధ్యాహ్నం ఎండ వాలింది. వాడి మనవరాలు గేటుకీ గోడకీ సభ కాయితాలు అంటించడానికి మైదా ఉడికించి గిన్నె నా మంచం పక్కనే వదిలేసిపోయింది, కిందికి వేలాడిన నా కుడి చెయ్యి మణికట్టు దాకా అందులో ఉంది.

చెయ్యి పైకెత్తి చూసుకుంటాను. ఇంకా తడిగానే ఉంది.

"చెయ్యి కడుక్కుని త్వరగా రండి, ఆటో వచ్చింది. కాయితం ఉందిగా?"

లేచి ఆ చేత్తోనే జేబులోంచి కాయితం తీస్తాను, తీసేసరికి మడతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి, దాన్ని మంచం మీద పెట్టేసి చెప్పులేసుకుంటాను.

"చెయ్యి మావయ్యా, చెయ్యి!" అంటాడు వాడు.

"సభయ్యాక కడుక్కుంటాలే, పద," అంటాను.